కొలిమి పంకా చప్పుడు

మా అత్తమ్మా మామా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొలిమికి అటొకరు ఇటొకరు కూర్చుని పని చేసేవాళ్ళు. మధ్యలో ఒక్క మాట ఉండేది కాదు. పెళ్ళయి ఉప్పల్‌కి కాపురానికొచ్చిన కొత్తలో నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఇదే. లాలాపేట్‌లో మా పుట్టింట్లో అమ్మా నాన్నా నిద్రలో తప్ప నోరు మూసి ఎరగరు. పక్కనే రైలు పట్టాలు, గట్టిగా అరవకపోతే ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. నేనూ అదే గొంతుతో అత్తారింటికి వచ్చాను. ఇక్కడేమో ఇల్లంతా మూగనోము పట్టినట్టుండేది.

"మీ అమ్మకూ నాయినకూ మాటల్లేవా ఏంది?" అని ఒకరోజు మా ఆయన్ని అడిగేశాను.

"పనిల మాటలెందుకు?" అన్నాడు. ఆయనా వాళ్ళ కొడుకే కదా.

కొలిమి మా ఇంటి ముందే, పీర్జాదిగూడ వైపు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉండేది. ఎనభైల చివరి రోజులవి. రోడ్డుకి అటూ ఇటూ ఇంకా పొలాలుండేవి, మధ్యమధ్య కొత్త ఇళ్ళు లేస్తుండేవి. అందుకే రెండు రకాల గిరాకీ వచ్చేది. రైతులు కొడవళ్ళూ గడ్డపారలూ తెచ్చేవాళ్ళు. ఇళ్ళ పునాదులకి రాళ్ళు కొట్టేవాళ్ళు ఉలులు తెచ్చేవాళ్ళు. ఉలికి పదును పెట్టడమంటే ఇనుము ఎంత కాలిందో రంగు చూసి పట్టుకోవడమే. ఎరుపు చాలకపోతే మొన మెత్తగానే ఉండిపోయి వంగిపోతుంది. తెలుపు దాకా పోనిస్తే ఇనుమే మాడిపోయి రాయి మీద మొదటి దెబ్బకే విరుగుతుంది. మా మామ పెట్టిన పదును విరగదని కీసర దాకా పేరుండేది. ఆయన ఆస్తి ఏదైనా ఉందంటే ఆ పేరే.

మంటకి గాలి కొట్టేది అత్తమ్మ. దానికో చేతి పంకా ఉండేది. పెద్ద నత్తగుల్లలాంటి ఇనుప డబ్బా, పక్కన కర్ర పిడి ఉన్న హ్యాండిల్. తిప్పితే లోపల పెద్ద పళ్ళ చక్రం చిన్నదాన్ని తిప్పేది, చిన్నది రెక్కల్ని తిప్పేది. మామ వాళ్ళ నాయిన ఎప్పుడో పాత సామాన్లలో కొనుక్కొచ్చాడట. పెద్ద చక్రానికి పళ్ళు అరిగి, కొన్ని ఊడి, చుట్టు చుట్టుకీ కొట్టుకునేది. టక్, టక్, టక్. నేను వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టిన దగ్గర్నుంచి మొదలయ్యేది. అసలే నాకు ముక్కు మీద కోపం. ఆ చప్పుడు నా బుర్రలో మేకులు దిగేసేది.

ఒక వానాకాలం అది ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. లోపల ఇరుసు అరిగి పక్కకి ఒరిగింది, రెక్కలు డబ్బాకి గీసుకున్నాయి. నేను లోపల్లోపల సంతోషించాను.

మా ఆయన నాచారంలో ఒక చిన్న కార్ఖానాలో టర్నర్. ఇనుమంటే ఆయనకీ ప్రాణమే, కాకపోతే లేత్ మిషిన్ మీద. "కరెంటు పంకా పెడదాం నాయినా. స్విచ్ ఏస్తే అదే కొడ్తది గాలి. అమ్మకు గూడ చేతులు గుంజుడు తప్పుతది" అన్నాడు.

"కరెంటుది నాకొద్దు" అన్నాడు మామ.

"ఎందుకొద్దు?"

"వద్దంటి గద. చాతనైతే దీన్నే బాగ చెయ్యి."

అత్తమ్మ వైపు చూశాను, ఆవిడైనా అవునంటుందేమోనని. "నా చేతులకేమైంది? మంచిగనే ఉన్నయ్" అంది. మొండితనంలో ఇద్దరూ ఇద్దరేనని నేను గొణుక్కున్నాను.

ఆ తర్వాత మా ఆదివారాలన్నీ ఆ పంకాకే పోయాయి. నా బియ్యం కడిగే సత్తు బేసిన్‌లో కిరసనాయిలు పోసి సామాను నానబెట్టాడు మహానుభావుడు. నేను చేసిన రభస వీధంతా విన్నది. అయినా చూస్తూ చూస్తూ నా కోపం కాస్తా చల్లారిపోయింది. తుప్పు పట్టి కరుచుకుపోయిన బోల్టులు, సుత్తెల మధ్య పుట్టి పెరిగిన మనిషి, వాటి మీద ఒక్క దెబ్బ వేయలేదు. నూనె చుక్కలు వేసి, ఆగి, కొంచెం కదిపి, మళ్ళీ నూనె వేసి, బతిమాలి ఊడదీశాడు. కార్ఖానాలో పని గంటలయ్యాక ఫోర్‌మన్‌ని అడిగి కొత్త పళ్ళ చక్రం కోయించాడు. ఇరుసు రెండు చివర్లకీ తొడగడానికి గన్‌మెటల్ బుష్‌లు లేత్ మీద తనే చేశాడు. వంగిన రెక్కలు సాపు చేసి, ఇరుసుని రెండు రేకుల అంచుల మీద పెట్టి వదిలేవాడు. బరువున్న రెక్క తిరిగి తిరిగి కిందికి వచ్చి ఆగేది. దాన్ని రవ్వంత ఆకురాయితో అరగదీసేవాడు. మళ్ళీ వదిలేవాడు. చివరికి ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. మా ఆయన పనిమంతుడని పెళ్ళిచూపుల్లో ఎవరో చెబితే వాళ్ళు అలాగే అంటారులే అనుకున్నాను. ఆ రోజు నమ్మాను.

పైన పచ్చరంగు వేసింది నేనే. హ్యాండిల్‌కి కొత్త కర్ర పిడి వేద్దామంటే మాత్రం అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ వేళ్ళ గుర్తులు ఆ కర్రలో గుంటలు పడి ఉన్నాయి. అదే బిగించాడు.

బిగించి, ఒక్కసారి గట్టిగా తిప్పి చెయ్యి తీసేశాడు. నేను లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి కూడా తిరుగుతూనే ఉంది. చప్పుడన్నది లేదు. నాకు పండగలా ఉంది. మామ దగ్గరికొచ్చి చెవి పెట్టాడు.

"నడుస్తున్నదా?" అన్నాడు.

మేం పకపకా నవ్వాం. అంతకన్నా మెచ్చుకోలు ఏముంటుంది అనుకున్నాం. అత్తమ్మ నవ్వలేదు.

మర్నాడు మా ఆయన సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు, తన పంకా పనితనం చూద్దామని. రాళ్ళు కొట్టే అతనొకడు గోనెసంచిలో ఉలుల కట్ట తెచ్చి, షెడ్డు ముందు గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు. మామ మొదటి ఉలిని బొగ్గుల్లో పెట్టాడు. అత్తమ్మ తిప్పింది. మంట అంత అందంగా, అంత నిటారుగా లేవడం నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి నిప్పుల్లోంచి తెల్లటి రవ్వలు చిటపటా చిమ్మాయి. అలా చిమ్మిందంటే ఇనుము మాడినట్టే. మామ ఉలి బయటికి లాగి, "బొగ్గు మంచిది కాదు" అని పక్కన పడేశాడు. రెండోది పెట్టాడు. మళ్ళీ రవ్వలు. "గాలి ఎక్కువైతున్నది రా" అన్నాడు కొడుకుతో. మా ఆయన గొట్టానికి రేకు అడ్డం పెట్టి గాలి తగ్గించాడు. మూడోది కూడా మాడింది.

ఆ మూడోసారి నేను మంటని చూడలేదు, అత్తమ్మని చూశాను. ఆవిడ చెయ్యి ఎప్పుడో ఆగిపోయింది. పిడి మీద నుంచి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది కూడా. లోపల రెక్కలు మాత్రం వాటి పాటికి అవి తిరుగుతూనే ఉన్నాయి. ఆవిడ కళ్ళు మామ మొహం మీద ఉన్నాయి. మామ మంటలోకి చూస్తూ ఎదురు చూస్తున్నాడు. దేనికోసమో నాకప్పుడు అర్థం కాలేదు.

రాళ్ళు కొట్టే అతను బీడీ పారేసి, మిగిలిన ఉలులు సంచిలో కట్టుకున్నాడు. "ఇంకో దినం వస్తలే పెద్దయ్యా" అన్నాడు, మర్యాదగానే. మామ లేచి, కండువా దులుపుకుని చాయ్ హోటల్ వైపు నడిచాడు.

ఆయన మలుపు తిరిగాక అత్తమ్మ కొడుకుని అడిగింది. "ఆ పాత చక్రం ఏడ పెట్టినవ్ రా?"

మా ఆయనకి రోషం వచ్చింది. "అరిగిపోయిన చక్రం ఏం జేస్తవమ్మా? నా పంకాల లోపమేందో చెప్పు."

"నీ పంకాల లోపం లేదు బిడ్డా. మీ నాయినకే కనబడ్తలేదు."

పోయిన ఎండాకాలం సంది మామకి కళ్ళ మీద పొర కమ్మిందట. మంట మొత్తం ఒక్క తీరుగా తెల్లగా, మబ్బులాగా కనబడుతుందట. ఎరుపేదో పసుపేదో తెలియదు. "ఇనుము రంగుకు రాంగనే నేను చెయ్యి ఆపుత. టక్కుటక్కు ఆగుతది. ఆయన తీస్తడు. నలుగురు కూసున్న కాడ 'ఇగ తియ్యి' అని నేనెట్ల చెప్పాలె? రేపు ఎవ్వడన్న ఉలి పట్టుకొని వస్తడా?" అంది. దవాఖానాకి పోదామంటే, కన్ను కోస్తే ఇక కొలిమి ముందు కూర్చోనియ్యరని ఆయన భయమట. కరెంటు పంకా ఎందుకొద్దన్నాడో, ఈవిడెందుకు వంత పాడిందో అప్పుడు తెలిసింది నాకు.

మాటల్లేని కాపురం అని నేను ఎగతాళి చేసిన మనుషులు వాళ్ళు. చప్పుడు చప్పుడని నేను విసుక్కున్నంత కాలమూ ఆవిడ ఆయనతో మాట్లాడుతూనే ఉంది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఏడ్చేశాను.

మా ఆయన టూల్స్ పెట్టె తెచ్చుకుని, ఇంకా వేడి చల్లారని పంకా మళ్ళీ విప్పాడు. పాత చక్రం వేస్తే చిన్న చక్రం పళ్ళు కూడా పోతాయి. అందుకని పెద్ద చక్రానికి ఒక చిన్న మేకు బిగించి, చుట్టు చుట్టుకీ దానికి తగిలేలా ఒక స్ప్రింగు రేకు పెట్టాడు. పిల్లలు సైకిల్ పుల్లల మధ్య అట్టముక్క దోపి టకటకలాడిస్తారే, అదే ఉపాయం. చెయ్యి ఆగగానే రెక్కలూ ఆగేలా ఇరుసుకి ఒక తోలుముక్క ఆనించాడు. అన్ని ఆదివారాలు కూర్చుని నున్నగా, నిశ్శబ్దంగా తయారు చేసుకున్న దాన్ని నాయిన పరువు కోసం తన చేత్తో తనే చెడగొట్టుకున్నాడు. అంత గొప్పగా పని చెడగొట్టినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మామ చాయ్ తాగి వచ్చేసరికి బిగించేశాడు. "చప్పుడు లేకుంటె లోపట ఏమన్న అరిగినా తెలుస్తలేదు నాయినా. అందుకే పెట్టిన" అన్నాడు.

అత్తమ్మ తిప్పింది. టక్, టక్, టక్. మామ తల ఒకవైపు వంచి కాసేపు విన్నాడు.

"మంచి పని జేసినవ్" అన్నాడు.

మాడిన మొనలు నరికేసి, ఆ మూడు ఉలులకీ ఆ సాయంత్రమే కొత్త మొనలు తీసి పదును పెట్టాడు. మా ఆయనే సైకిల్ మీద పోయి ఇచ్చి వచ్చాడు. వారం తిరక్కుండా ఆ మనిషి గోనెసంచితో మళ్ళీ వచ్చి షెడ్డు ముందు గొంతుక్కూర్చున్నాడు.

మామని దవాఖానాకి తీసుకెళ్ళడానికి మాత్రం చాలా కాలం పట్టింది. కీసర జాతర కానీ అన్నాడు, ఎండలు పోనీ అన్నాడు. చివరికి అత్తమ్మే, "నా చేతులు గుంజుతున్నయ్, ఇగ నాతోటి కాదు" అని అబద్ధమాడి బయల్దేరదీసింది. ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళు పొగకి దూరంగా ఉండి, ఆ తర్వాత నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మామ కొలిమి ముందు కూర్చున్న రోజు ఇంట్లో అందరం షెడ్డులోనే ఉన్నాం. గడ్డపార నిప్పుల్లో పెట్టి, "ఇగో, ఎర్రగైంది. ఇగో, పసుపుకొస్తున్నది" అని చిన్నపిల్లాడిలా పైకి చెబుతూ చూశాడు. సరిగ్గా రంగుకి రాగానే తనే లాగాడు.

మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని పంకా దగ్గర కూర్చున్నాడు. "ఇగ ఈ రేకు తీసేస్త నాయినా" అన్నాడు.

"ఉండనియ్యి."

"రంగు కనబడుతున్నది గద ఇప్పుడు?"

ఆ చప్పుడు రహస్యం మాకందరికీ తెలుసని మామకి కూడా తెలుసన్నమాట. ఆయన మాత్రం ఏమీ సిగ్గుపడలేదు. "రంగు కనబడుతది రా. మీ అమ్మ ఏమంటున్నదో నాకెట్ల తెల్వాలె?" అన్నాడు.

అత్తమ్మ తలెత్తలేదు. పిడి అందుకుని గబగబా రెండు చుట్లు తిప్పి, టక్కున ఆపింది. మామ పగలబడి నవ్వాడు. ఆవిడ ఏమన్నదో మాకెవరికీ తెలియలేదు.