దేవుడి గూట్లో మునగకొమ్మ కథ

1997 జూన్ ఏడో తేదీ, శనివారం, మధ్యాహ్నం మూడున్నరకు మొబేనిలోని ప్రెస్సు నుంచి పుస్తకాలు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని మా తెలుగు సంఘం హాలుకు వచ్చాయి. నూట ఇరవై. పెట్టె విప్పి నేనే లెక్కపెట్టాను.

కథ మా వదినది, అంటే మా ఆయన అక్కది. ఏరు పొంగి గుడిసె కొట్టుకుపోతే, ఆమె నాయనమ్మ ఒక మునగకొమ్మ భుజాన వేసుకుని గుట్ట ఎక్కింది. దాన్ని అక్కడ నాటి, ఇకనుంచి ఇదే మన ఊరు అని పిల్లలకు చెప్పింది. ఈ కథను పిల్లలూ పెద్దలూ కలిసి చదువుకోవాలని అచ్చు వేయించాం. వదిన చెప్పింది, నేను రాశాను. మా నాన్న సాయంత్రం బడి నడిపేవాడు కాబట్టి నాకు తెలుగు అక్షరాలు వచ్చు. వదినకు రావు. మా వీధిలో చాలామందికి రావు.

వదిన గొంతులో గడ్డ. జూలై రెండున ఆపరేషన్. తర్వాత మాట మిగలకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆమె మనవరాలు ఆ ఏడే తెల్లవాళ్ళ బడిలో చేరింది. నీది ఏ దేశమని అక్కడి పిల్లలు రోజూ అడుగుతున్నారట. తన మాట పోయేలోగా ఆ పిల్లకు ఈ కథ అందాలని వదిన పట్టుదల.

"పక్కన ఇంగ్లీషు కూడా ఎయ్యండయ్యా," అని సంఘం కమిటీని అచ్చుకు ముందే అడిగింది.

"ఈ దేశం కొత్త రాజ్యాంగంలో మన భాష పేరుంది అక్కా. ఇంకా ఇంగ్లీషెందుకు?" అన్నాడు కమిటీ పెద్ద. అందరూ చప్పట్లు కొట్టారు.

పుస్తకాలు ఇంటింటికీ పంచాం. మూడు వారాల తర్వాత, ఎవరు చదివారో చూద్దామని ఇళ్ళకు వెళ్ళాను. మొదటి ఇంట్లో పుస్తకం దేవుడి గూట్లో ఉంది. అట్ట మీద పసుపూ కుంకుమా. రెండో ఇంట్లోనూ అంతే. తెలుగు అక్షరాలను వాళ్ళు చూసిందల్లా భజన పుస్తకాల్లోనూ దేవుడి పటాల కిందా.

"అట్ట మీద మునగచెట్టే కదమ్మా," అన్నాను ఒకావిడతో.

"ఏ దేవతదో అత్తా, మనకేం తెలుసు," అంది ఆవిడ.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళాను. అక్కడా గూట్లోనే. పైగా బంతిపూల దండ.

"బతికుండగానే దండేసీశారే నాకు," అని వదిన బొంగురుగా నవ్వింది.

పుస్తకం తెమ్మని మనవరాలికి చెప్పాను.

"నో అవ్వా, నేను చికెన్ తిన్నా. టచ్ చెయ్యకూడదు."

నేనే తీయబోయాను. వదిన కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "హైబో, వద్దొద్దు, తియ్యకు అత్తా! రేపు ఆపరేషన్. దేవుడి సామాను కదపకూడదు."

"అందులో ఉన్నది దేవుడు కాదే, మా అవ్వ. తియ్యి!" అంది వదిన.

తీశాను. నేను చదువుతుంటే వదిన ఒక్కో వాక్యాన్నీ తన మాటల్లో, సగం ఇంగ్లీషులో, పిల్లకు చెప్పింది. ఏరు పొంగే చోట గొంతు పట్టేసింది. నీళ్ళిచ్చాం. దగ్గు ఆగలేదు. కోడలు పుస్తకం తీసుకుని మళ్ళీ గూట్లో పెట్టింది.

మిగతా కథ నేను ఇంగ్లీషులో చెప్పాను. విన్నంతసేపూ ఆ పిల్ల వదిన నోటివైపే చూసింది.

ఆపరేషన్ తర్వాత వదిన పద్నాలుగు నెలలు బతికింది. మాట రాలేదు.

నేను చూసిన తొమ్మిది ఇళ్ళలోనూ పుస్తకం గూట్లోనే ఉంది. కిందికి దిగింది ఒక్కటి, అదీ పావుగంట. వదిన చెప్పగా నేను రాయవలసిన కథలు ఇంకా పదకొండు ఉండేవి. వాటి పేర్లు నాకు గుర్తున్నాయి. కథలు పోయాయి.