రెండు మొకాల రైలు

మార్కాపురంలో పలకలకు చెక్క చట్రాలు కొట్టే మామ, మిగిలిన ముక్కలతో అరచేతంత రైళ్ళు చేసేవాడు. మా లైనుకు కొత్తగా డీజిలు బండి వచ్చినాక పిల్లలంతా అదే కావాలని ఆయన గడప అరగదీసినారు. దానికి రెండు తట్లా ఇంజను మొకమే, తిప్పే పని లేదు.

తనకూ ఒకటి ఉంచుకున్నాడు. అరుగుకు ఈ కొస మార్కాపురం, ఆ కొస గిద్దలూరు. ఈ కొస నుంచి తోసి, లేచి అవతలికి పోయి ఆ కొస నుంచి తోసేవాడు.

"ఏంది మామా, రెండు స్టేషన్లకూ నువ్వే మాస్టరువా?" అని అడిగినా.

"గిద్దలూరులో మనిషి లేడు గదరా!"

ఒక సాయంత్రం నేనే గిద్దలూరులో కూర్చున్నా. తోసినప్పుడల్లా, కళ్ళెదురుగా కనపడుతున్నా, "చేరిందా?" అని అడిగేవాడు.

"చేరింది మామా, టీ తాగుతాంది."

చీకటి పడుతుంటే లేచినా. "పోరా, పో" అన్నాడు. వీధి మలుపులో తిరిగి చూస్తే, ఖాళీ గిద్దలూరుకు బండి తోసి, "చేరిందా?" అంటున్నాడు.