ఎర్ర లైటుకు నడిచే బండి

మల్లేశం ఉద్యోగాన్ని నేను తార్నాక చౌరస్తాలో ఎలా ముంచబోయానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నవ్వనివాడు మల్లేశం ఒక్కడే.

క్యాంపస్ హాస్టల్లో వాడు నా రూమ్మేటు. ఇద్దరం ఫిజిక్సే. వాడి పాత మోటార్ సైకిల్లో తాళంచెవి కాస్త కదిలితే చాలు, ఇంజన్ ఆగిపోయేది. ఒక సాయంత్రం వాడి దిగులంతా అదే: మర్నాడు పదింటికి రామంతాపూర్‌లోని ఒక కాలేజీలో వాడికి లెక్చరర్ ఇంటర్వ్యూ.

"రిలే పెడతా," అన్నాను.

"అదేందిరా?"

"చిన్న డబ్బీ. తాళం దానికి సైగ చేస్తే చాలు, ఇంజన్‌కు కరెంటు అదే పంపుతది."

"నీకొస్తదా?"

"థియరీ మొత్తం వచ్చు!"

ఆ మాటకే వాడు బండి తీసుకుని పారిపోవలసింది. పాపం, నమ్మాడు.

బండి పక్కన కూర్చుని, తాళం తిప్పి, ఒక్కో వైరుకూ టెస్ట్ బల్బు ఆనించాను. ఒకచోట బల్బు వెలిగింది. తాళం తిప్పితే కరెంటొచ్చే వైరు ఇదేనని రిలేకు కలిపేశాను. మల్లేశం ఎక్కి స్టార్ట్ చేస్తే ఇంజన్ కమ్మగా మోగింది. వాడు వాళ్ల నాయన ట్రాక్టర్ మీద నేర్చుకున్నవాడు, బ్రేకు మీద కాలు పెట్టనిదే ఏ బండీ స్టార్ట్ చేయడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

పొద్దున నన్ను వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. క్యాంపస్ అంతా స్పీడ్ బ్రేకర్లే కాబట్టి వాడి కాలు బ్రేకు మీదే ఉంది. తార్నాక సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడగానే కాలు తీశాడు. ఇంజన్ ఆగింది. మళ్లీ బ్రేకు తొక్కి స్టార్ట్ చేశాడు. నడిచింది. కాలు తీస్తే ఆగింది.

"ఏంది తమ్మీ, ఎర్ర లైటుకు నడుస్తది, పచ్చ లైటుకు ఆగుతది?" అన్నాడు ట్రాఫిక్ కానిస్టేబుల్.

"వీన్ని అడుగుండ్రి సార్!"

నాకు మాత్రం భలే కుతూహలంగా ఉంది. "ఇంకొక్కసారి కాలు తియ్యిరా, చూద్దాం!"

"అరే, నా ఇంటర్వ్యూ ఉన్నదిరా!" వాడు వాచీని నా ముక్కు ముందు పెట్టాడు. అప్పుడు గానీ నాకు సిగ్గు వేయలేదు.

"నిన్న వైరు చూసేటప్పుడు నా మోకాలు యాడున్నది?" అని వాణ్ణి అడిగాను.

"బ్రేకుకు ఆన్చి కూసున్నవ్ గదా!"

నేను కలిపింది బ్రేకు లైటు వైరు! బ్రేకు నొక్కితేనే దానికి కరెంటు, అది ఉంటేనే ఇంజన్‌కు ప్రాణం. విప్పి సరిచేద్దామంటే పనిముట్లు హాస్టల్లో ఉన్నాయి. చేతి బ్రేకును కొంచెమే నొక్కి చూశాను. చక్రం పట్టుకోకముందే లైటు వెలిగింది.

"గింతే నొక్కి పట్టు. పోనీ!"

దారి పొడుగునా మా ఎర్ర లైటు ఆరలేదు. వెనక స్కూటర్ మీద ఒకాయన "ఆగుతవా, పోతవా?" అని అరుస్తూనే వచ్చాడు. పదికి ఐదు నిమిషాల ముందు చేరాం. ఇంటర్వ్యూ గదిలో ప్రశ్నలడిగే కుర్చీలో ఆ స్కూటరాయనే ఉన్నాడట.

"ఆ లైటు సంగతేందో చెప్పు ముందు," అన్నాడట. మల్లేశం బోర్డు మీద నా తప్పంతా బొమ్మ గీసి మరీ వివరించాడు. ఉద్యోగం వచ్చింది.

తర్వాతి వారం అదే కాలేజీలో ల్యాబ్ ఉద్యోగానికి నేను వెళ్లాను. "మల్లేశం రూమ్మేటు నువ్వేనా?" అని అడిగి, ఆయన నా సర్టిఫికెట్ల కంటే ముందు నా మోకాలు చూశాడు. ఉద్యోగం రాలేదు.

అందుకే టెస్ట్ బల్బు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా మోకాలు ఎక్కడుందో చూసుకోకుండా ఈ జన్మలో ఏ వైరునూ ముట్టుకోను.