ఐదు రూట్ ఆరు

తొమ్మిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మేడమ్‌గారు, ఇరవై ఏళ్ల తర్వాత తాడేపల్లిగూడెం హైస్కూల్లో నా పక్క కుర్చీలో కూర్చునేవారు. ఇద్దరిదీ ఏలూరే. పొద్దున్న ఒకే పాసింజరు ఎక్కి వెళ్లి, సాయంత్రం ఒకే బండిలో తిరిగొచ్చేవాళ్లం. నేనూ లెక్కల టీచర్నే అయినా ఆవిడకి నేనెప్పుడూ "ఏవమ్మా", "నువ్వు".

వర్గమూలాలు ఆవిడలా చెప్పేవాళ్లని నేను చూడలేదు. "పెద్ద సంఖ్య అని భయపడకండర్రా. రెండుతో మొదలెట్టి విడగొట్టుకుంటూ పొండి. ఒకేలాంటివి రెండు దొరికితే ఒకటి రూట్ బయట రాయండి. జత దొరకనిది లోపలే ఉంటుంది. అంతే!" అనేవారు.

ఆ వానాకాలం ఒక గది కురుస్తోందని రెండు సెక్షన్లనీ ఒకచోట కూర్చోబెట్టారు. ఆవిడ పాఠం చెబుతుంటే నేను వెనక బెంచీలో నోటుపుస్తకాలు దిద్దుకుంటున్నాను. బోర్డు మీద నూట ఎనభైకి వర్గమూలం. రెండు రెళ్లు, రెండు మూళ్లు, ఒక ఐదు. విడగొట్టడం చక్కగానే విడగొట్టారు. కింద మాత్రం ఐదు రూట్ ఆరు అని రాశారు.

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "మేడమండీ, ఐదుని ఐదుతో గుణించి మళ్లీ ఆరుతో గుణిస్తే నూట యాభయ్యే వస్తోందండీ. ఆరు రూట్ ఐదు కదండీ?"

పిల్లలు నవ్వారు. మేడమ్‌గారు నవ్వలేదు. చేతిలో డస్టరుతో బోర్డుకేసి చూస్తూ నిలబడిపోయారు. పొరపాటు ఎవరికైనా వస్తుంది. కానీ అదెక్కడుందో చూపించాక కూడా ఆవిడకి కనపడలేదు. గంట కొట్టేదాకా అలాగే చూస్తూ ఉన్నారు.

రైల్లో అన్నారు: "కాస్త తల తిరిగిందమ్మా. మా ఆయనతో అనకు. ఊరికే కంగారుపడతారు."

"అలాగేనండీ" అన్నాను.

మర్నాటినుంచి ఆవిడ చెప్పబోయే లెక్కలన్నీ ముందే చేసి, చిన్న చీటీ మీద పెన్సిల్తో రాసి ఆవిడ పుస్తకంలో పెట్టడం మొదలెట్టాను. ఎందుకు పెట్టావని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు. పాఠాలు సాఫీగా సాగిపోయాయి. ఒకరోజు స్టాఫ్ రూంలో డెబ్భై రెండు చీటీ పట్టుకుని, "ఈ ఆరు బయటికెలా వచ్చిందమ్మా?" అని నెమ్మదిగా అడిగారు. రెండు రెళ్లలోంచి ఒక రెండు, రెండు మూళ్లలోంచి ఒక మూడు, రెండూ గుణిస్తే ఆరు, మిగిలిన రెండు లోపల అని చెప్పాను. ఎప్పుడూ వినని సంగతి విన్నట్టు తలూపారు. అయినా ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి వారమే, సాయంత్రం బండిలో పూళ్ల దాటాక నాకు కునుకు పట్టింది. దెందులూరులో మెలకువ వచ్చేసరికి ఎదురు సీటు ఖాళీ. ఆవిడ బ్యాగు మాత్రం ఉంది. ఫోన్ చేస్తే ఆ బ్యాగులోనే మోగింది.

రెండు బ్యాగులూ పట్టుకుని దిగిపోయాను. వాళ్లాయనకి ఫోన్ చేసి, ఆటో మాట్లాడుకుని పూళ్ల తర్వాతి స్టేషను భీమడోలుకి వెనక్కి వెళ్లాను. స్టేషన్ బయట టీ కొట్టతను, "ఆకుపచ్చ చీర మేడమ్‌గారాండీ? లంకల రోడ్డు ఎటని అడిగారండీ. అలా కొల్లేటి వైపు నడిచెళ్లిపోయారండీ" అన్నాడు.

ఆ రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. నీళ్లు గట్ల అంచుదాకా వచ్చి ఉన్నాయి. మబ్బు కమ్మింది, గాలి లేదు. ఒకచోట నీళ్ల మీద ఆకుపచ్చగా ఏదో కనపడితే కేకేసి ఆటో ఆపించాను. గట్టు దిగి చూస్తే, గుర్రపుడెక్క మొక్కలు.

ఇంకో రెండు కిలోమీటర్ల తర్వాత కనిపించారు. చెప్పులు చేత్తో పట్టుకుని గబగబా నడుస్తున్నారు.

"మేడమ్‌గారూ, ఎక్కండి."

ఆవిడ ఆగి నా మొహంలోకి చూశారు. "లంక స్కూలుకేనాండీ మీరు కూడా? బెల్ కొట్టేసుంటారు. కొత్త ఉద్యోగం. లేటయితే హెడ్మాస్టారు ఊరుకోరండీ."

జీవితంలో మొదటిసారి ఆవిడ నన్ను మీరు అన్నారు.

కొల్లేటి సరస్సులో దీవిలా ఉండే ఆ లంక ఊరి స్కూల్లోనే ఆవిడ మొదట ఉద్యోగంలో చేరారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, "అవునండీ, నేనూ అక్కడికే" అని ఎక్కించుకున్నాను.

భీమడోలు స్టేషన్ దగ్గర వాళ్లాయన కారు పక్కన నిలబడి ఉన్నారు. ఆవిడని లోపల కూర్చోబెట్టాక, నేను ఏడుస్తూ బోర్డు మీది లెక్క సంగతీ చీటీల సంగతీ చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు. "ఇంట్లో వేసవినుంచే తేడాగా ఉందమ్మా. స్టవ్ వెలిగించి మర్చిపోతుంటే వెనకాలే వెళ్లి ఆపేవాణ్ణి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామనే అనుకున్నాను. కానీ స్కూలుకి ఫోన్ చేసి అడిగితే పాఠాలు ఎప్పట్లాగే చెబుతోందన్నారు. లెక్కలు తప్పు పోవట్లేదంటే ఇంకా ఏం కాలేదులే అని ఊరుకున్నానమ్మా."

ఆవిడ బ్యాగు ఆయన చేతికిచ్చాను. ఆయన కారెక్కి తలుపేసుకున్నారు. మేడమ్‌గారు అద్దంలోంచి నా వైపు చూసి, పరాయి మనిషికి పెట్టినట్టు మర్యాదగా నమస్కారం పెట్టారు.