సంగమేశ్ వద్దన్న ఇరవై అయిదు ఓట్లు

రెండు వేల ఇరవై అయిదు. ఎండలు ఇంకా ముదరలేదు. మా ఖేడ్, అంటే నారాయణఖేడ్, తహసీల్ ఆఫీసులో నా బల్ల మీద కులం సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు గుట్టగా పడి ఉండగానే ఎలక్షన్ డ్యూటీ ఉత్తర్వు చేతికొచ్చింది. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక, అంటే శాసనమండలికి డిగ్రీ చదివినవాళ్లు తమ మనిషిని పంపే ఎన్నిక. లెక్కింపులో నాకు కౌంటింగ్ సూపర్‌వైజర్ డ్యూటీ పడింది. ఒక టేబుల్‌కు నేను పెద్ద, నా కింద ఇద్దరు అసిస్టెంట్లు. ఆ టేబుల్ మీద జరిగే ప్రతి తప్పొప్పుకూ సంతకం నాదే.

అప్పటికి సీనియర్ అసిస్టెంట్‌ని, ఇరవై రెండేళ్ల సర్వీసు. పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా అన్ని ఎన్నికల్లోనూ డ్యూటీ చేశాను. లెక్కలో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు. ఈ మాట నేనే చెప్పుకోవడం బాగుండదు గానీ మా ఆఫీసులో ఎవరినడిగినా చెప్తారు కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ గర్వానికి దెబ్బ తగిలిన రోజు గురించే ఇదంతా.

ముందు సంగమేశ్ గురించి చెప్పాలి. ఈ ఓటు డిగ్రీ ఉన్నంత మాత్రాన రాదు. ఫారం 18 అనే దరఖాస్తు పెట్టుకుంటేనే జాబితాలో పేరు ఎక్కుతుంది. ఆ ఫారాల రోజుల్లో కంగ్టి మనిషి సంగమేశ్ మా ఆఫీసుకు అలవాటయ్యాడు. నలభై ఏళ్లుంటాయి. ఖేడ్‌లోనే ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాడు. ఒకరి ఫారాలు ఇంకొకరు మోసుకొస్తే మేం తీసుకోం. అందుకని కంగ్టి, నాగల్‌గిద్ద వైపు నుంచి డిగ్రీవాళ్లనే ఆటోలో ఎక్కించుకొని వచ్చేవాడు. కంది చేనుకు మందు కొట్టి అదే అంగీతో వచ్చిన బీకాంలు, మెడలో టేపు తియ్యడం మరిచిపోయి వచ్చిన బీఏ టైలరమ్మలు. డిగ్రీ కాపీ మీద ఆఫీసరు అటెస్టేషన్ సంతకం లేదని నేను తిప్పి పంపితే మొహం మాడ్చుకోకుండా మర్నాడు మళ్లీ అదే ఆటోలో తెచ్చేవాడు.

తర్వాత తెలిసింది, తనే ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడని.

"గెలుస్తననేనా?" అని అడిగాను.

"గెల్సుడేంది అక్కా, గంత తెల్వనోన్నా? వంద ఓట్లు దాటితె సాలు నాకు."

"గా వంద లెక్కేంది?"

"పన్నెండేండ్ల సంది చెప్తున్న ఆ కాలేజిల. మాకెవ్వలకు అపాయింట్‌మెంట్ కాగితం లేదు. పొమ్మంటె పోవాలె. మా మేడంలు కాన్పుకు పోతె మళ్ల రానియ్యరు. కాగితాలు ఇయ్యమని మా ఓనర్‌ను అడిగిన. 'నీ ఎన్క ఎవడున్నడయ్యా? వంద మంది ఉన్నరని సూపియ్యి, గప్పుడు కూసొని మాట్లాడ్త' అన్నడు. స్టాఫ్ అందరి ముందల అన్నడు. ఇగ ఆయనకు తప్పించుకోనీకి రాదు."

పిచ్చివాడు అనుకున్నాను. మనసులో మాత్రం దాటితే బాగుండు అని కూడా అనుకున్నాను.

లెక్కింపు మా జిల్లా దాటి ఓ పెద్ద హాల్లో జరిగింది. ఈ ఎన్నికకు మిషన్లుండవు. కాగితం బ్యాలెట్టే. యాభై మందికి పైగా అభ్యర్థులు కాబట్టి విప్పితే దినపత్రికంత ఉంది. ఓటరు ఊదారంగు స్కెచ్ పెన్‌తో, తనకు నచ్చిన వరుసలో పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తాడు. 1 వేస్తే చాలు, మిగతావి వాళ్ల ఇష్టం. ఇంత చిన్న పనిలోనూ మన డిగ్రీవాళ్లు చేసే చిత్రాలు చూడాలి. ఒకరు టిక్కు పెడతారు, ఒకరు సంతకం చేస్తారు, ఒకాయన అభ్యర్థి పేరు కింద 'మా నోటిఫికేషన్ ఎప్పుడు' అని రాశాడు. అవన్నీ చెల్లవు. అంగన్‌వాడీ పిల్లలకు ఇచ్చినా ఇంతకన్నా నయంగా వేస్తారని మా పక్క టేబుల్ సూపర్‌వైజర్ విసుక్కున్నాడు.

అన్ని పెట్టెల బ్యాలెట్లూ కలిపేసి, టేబుల్‌కు వెయ్యి చొప్పున ఇస్తారు. మా వెనక చెక్క అరలు ఉంటాయి. పిజన్ హోల్ అంటాం, అభ్యర్థికొక అర. 1 ఎవరికి పడితే ఆ అరలో పెట్టి, ఇరవై అయిదుకొక కట్ట కట్టి, పైన అభ్యర్థి నంబరు చీటీ పెడతాం. ముందు ఇనుప తీగల జాలీ, జాలీ అవతల అభ్యర్థులూ ఏజెంట్లూ. పెద్ద పార్టీలకు టేబుల్‌కొక ఏజెంటు ఉన్నాడు. సంగమేశ్‌కు ఎవరూ లేరు. తనకు తనే ఏజెంటు. ఒక టేబుల్ దగ్గర కాసేపు, ఇంకో టేబుల్ దగ్గర కాసేపు నోటుబుక్కు పట్టుకొని నిలబడుతున్నాడు. నన్ను చూశాడు గానీ అక్కా అనలేదు. డ్యూటీలో అభ్యర్థితో చనువు పనికిరాదు కాబట్టి నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం మొదటి ప్రాధాన్య ఓట్లలో ఆఖరి రౌండు. అంతకు ముందటి రౌండ్ల దాకా సంగమేశ్‌కు వచ్చినవి డెబ్భై తొమ్మిది. అది మైకులో చెప్పారు. ఆఖరి రౌండుకు అతను మా జాలీ దగ్గరే నిలబడ్డాడు. మేం వెయ్యి బ్యాలెట్లు పంచాం, కట్టలు కట్టాం, కూడాం. చెల్లనివి కలిపితే సరిగ్గా వెయ్యి. నేను లెక్క షీటు మీద సంతకం పెట్టి, దాన్ని ఏజెంట్ల వైపు తిప్పి చూపించాను. అందరూ తమ వరుసలు రాసుకుంటున్నారు.

"మేడం, నా పేరు ముందల ఇరవై ఏడు రాసుంది," అన్నాడు సంగమేశ్.

డెబ్భై తొమ్మిది, ఇరవై ఏడు. నూట ఆరు. లోపల నాకు సంతోషం ఆగలేదు గానీ పైకి ముక్తసరిగా, "అవును, రాసుకోండి," అన్నాను.

అతను రాసుకోలేదు. "ఒక్కపారి తీసి సూడుండ్రి. గవన్ని నావి గావు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "కూడిక సరిపోయింది. వెయ్యికి వెయ్యి ఉన్నయి."

"కూడికది గాదు మేడం. పొద్దటిసంది ఏ టేబుల్ల నాలుగు మించలే నాకు. ఈడ ఒక్కపారె ఇరవై ఏడు ఎట్లస్తయి?"

పక్కన ఇంకో ఇండిపెండెంటు ఏజెంటు అతని మోచెయ్యి పట్టి గుంజాడు. "ఊకో అన్నా. నీకొచ్చె నష్టమేంది? ఇచ్చినయి తీస్కో."

"నాకిచ్చినయి గావు గదనే," అన్నాడు సంగమేశ్.

అర లోంచి అతని కట్ట తీశాను. పైన చీటీ అతనిదే. విప్పి చూస్తే, ఇరవై అయిదింటిలోనూ 1 పడింది బ్యాలెట్‌లో అతని పై వరుసలో ఉన్న పెద్ద పార్టీ అభ్యర్థికి. పక్కపక్క అరలు. కట్ట ఒక అర పక్కకు జరిగింది, చీటీ కూడా దాని ప్రకారమే పడింది. నిజంగా సంగమేశ్‌వి విడిగా ఉన్న రెండే. కూడికలో ఇది ఎప్పటికీ దొరికేది కాదు. ఈ జేబులోది ఆ జేబులో పెడితే మొత్తం మారదు కదా.

కట్ట కట్టిన అసిస్టెంటు ఓ స్కూల్ టీచరమ్మ. నేను లేచి షీటు పట్టుకొని అసిస్టెంట్ రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాను.

"సార్, మా టేబుల్ షీటు ఆపుండ్రి. తప్పు వడ్డది."

"ఎవరిది తప్పు?"

"నాది సార్. కట్ట విప్పి సూడకుంట సంతకం పెట్టిన."

అప్పటికే ఆ పెద్ద పార్టీ ఏజెంటు గొంతు పెంచాడు. "సార్, గీ మేడంది ఖేడ్, గాయనది ఖేడ్. ఇద్దరు ఒక్కటే. ఇంకెన్ని కట్టలు మార్చిండ్రో సూడుండ్రి."

హాల్లో తలలన్నీ మా వైపు తిరిగాయి. ఆఫీసర్ నన్నే చూస్తూ, "ఈయన మీకు తెలుసా?" అన్నాడు. తెలియదంటే ఆ క్షణం గడిచిపోతుంది. సస్పెన్షన్, ఎంక్వయిరీ, నా ఇద్దరు అసిస్టెంట్లు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"తెలుసు సార్. ఓటర్ల ఫారాల కోసం మా ఆఫీసుకు వస్తుండె."

సంగమేశ్ జాలీ పట్టుకొని అన్నాడు. "సార్, ఒక్కటే అయితె నేనెందుకు చెప్త? ఊకుంటె నాకు నూరు దాటుతుండె."

ఏజెంటు మాట తగ్గింది. అయినా ఆఫీసర్ చెయ్యాల్సిన పనే చేశాడు. మమ్మల్ని ముగ్గుర్నీ పక్కకు నిలబెట్టి, వేరే టేబుల్ వాళ్లతో మా వెయ్యి బ్యాలెట్లూ మొదటి నుంచి లెక్కపెట్టించాడు. గంటకు పైగా పట్టింది. చేతులు కట్టుకొని నిలబడి నా పనిని ఇంకొకరు తనిఖీ చేస్తుంటే చూడటం నా సర్వీసులో అదే మొదటిసారి. టీచరమ్మ కళ్లు తుడుచుకుంటుంటే, "ఏడ్వకమ్మా, కట్ట నీది, సంతకం నాది," అన్నాను. ఇంకొక్క తప్పు కూడా దొరకలేదు. పాత అంకెలు కొట్టేసి, కొత్తవి రాసి, పక్కన మళ్లీ సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఆఫీసర్ షీటు తీసుకుంటూ, "మీరు చెప్పిండ్రు కాబట్టి బతికిపోయిండ్రు," అని, జాలీ వైపు చూసి, "ఆయన చెప్పిండు కాబట్టి మనమంత బతికిపోయినం," అన్నాడు.

రౌండు పూర్తయింది. అన్ని టేబుళ్లూ కలిపి సంగమేశ్‌కు మొత్తం ఎనభై ఏడు.

గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ రావాలి. దాన్ని కోటా అంటారు. ఎవరికీ రాలేదు. అప్పుడు ఎలిమినేషన్ మొదలవుతుంది. అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే తీసేసి, వాళ్ల బ్యాలెట్లు మళ్లీ విప్పి, 2 ఎవరికి వేశారో చూసి వాళ్లకు కలుపుతారు. మూడో రోజు పొద్దున సంగమేశ్ వంతు వచ్చింది. అతని బ్యాలెట్లు మా టేబుల్‌కే పంపారు. ముందటి రోజు జరిగింది తెలిసి కూడా పంపారంటే, ఆ నమ్మకం ఇప్పటికీ నాకు పతకంతో సమానం.

ఓడిపోయిన అభ్యర్థులు ఎలిమినేషన్ దాకా ఉండరు. సంగమేశ్ ఉన్నాడు. నేను ఒక్కో బ్యాలెట్ విప్పి జాలీ వైపు చూపిస్తున్నాను. మొదటి దానిలో సంగమేశ్ పక్కన 1 ఉంది. 2 ఎక్కడా లేదు. అలాంటి బ్యాలెట్‌ను ఎగ్జాస్టెడ్ అంటాం. ఇక ఎవరికీ కలపలేం, పక్కన పెట్టేస్తాం. రెండోదీ అంతే. మూడోదానిలో 2 ఉంది. తర్వాత వరసగా అయిదింటిలో మళ్లీ ఒంటరి 1. పత్రికంత కాగితం, యాభైకి పైగా పేర్లు, అంత ఖాళీలో అతని పేరు పక్కన ఒక్క ఊదారంగు గీత. చివరికి ఎనభై ఏడింటిలో అరవై ఒకటి ఎగ్జాస్టెడ్.

"గట్లెందుకు వేసిండ్రు మేడం? రెండోది వెయ్యొచ్చని నేను చెప్పిన గద అందరికి," అన్నాడు అతను, ఏదో పొరపాటు జరిగిందన్నట్టు.

డ్యూటీలో అభ్యర్థితో మాట్లాడకూడదు. అయినా నోరు ఆగలేదు. "నీ తర్వాత ఇంకెవ్వలు కనవడలే వాళ్లకు," అన్నాను. అతను నోటుబుక్కు తెరిచి, ఎనభై ఏడు కింద అరవై ఒకటి అని రాసుకున్నాడు.

ఫలితం తర్వాత ప్రకటించారు. గెలిచినవారు ధ్రువపత్రం తీసుకున్నారు, దండలు పడ్డాయి, మేం ఊరికి బయలుదేరాం. మెదక్‌లో బస్సు మారితే, ఖేడ్ బస్సులో కిటికీ పక్కన సంగమేశ్ కూర్చొని ఉన్నాడు.

"మీ ఓనర్‌కు ఏం చెప్తవ్?" అన్నాను.

"ఎనభై ఏడు అని చెప్త. ఆయన అడగకముందే చెప్త." పెద్దశంకరంపేట దాటాక మళ్లీ అడిగాడు. "అక్కా, గా అరవై ఒక్క మంది ఎవరో తెల్సుకోనీకి రాదా?"

"రాదు. రహస్య ఓటు. తెల్వద్దు గూడ."

"అయితె ఇగ కనవడ్డోళ్లందరికి నమస్తె వెట్టాలె," అన్నాడు నవ్వుతూ.

వంద కాలేదు కదా అని ఓనరు అన్నాడట. కాలే సార్ అని సంగమేశ్ అన్నాడట. కాగితాలు ఇవాళ్టికీ రాలేదు. కానీ ఇప్పుడు అడగడానికి అతను ఒక్కడే పోవడం లేదు, స్టాఫ్‌రూమంతా పోతోంది. ఇంకా ఇవ్వలేదంటే ఆ ఓనరు మీద నాకు మండుతుంది. సంగమేశ్‌ను తలుచుకుంటే మాత్రం మా ఖేడ్ మనిషి అని ఛాతీ పొంగుతుంది.

ఎన్నికల శిక్షణలో కొత్తవాళ్లకు ఇప్పుడు నేనే చెప్తున్నాను. మొత్తం సరిపోయిందని మురవకండి, కట్ట విప్పి చూడండి, తప్పు దొరికితే మీరే లేచి చెప్పండి. లెక్కలో తప్పు చెయ్యనిదాన్ని అని ఇప్పుడు చెప్పుకోను. ఇన్నేళ్లలో వేల సంతకాలు పెట్టాను. ఎవరికైనా చూపించాలనిపించేది, ఆ షీటు మీద కొట్టేసి పక్కన మళ్లీ పెట్టిన సంతకమే.