శాస్త్రిగారు అడిగిన ఉత్తరాపోశనం

మా గురువుగారు సోమనాథశాస్త్రిగారు ఏలూరు ఆసుపత్రిలో పరమపదించారన్న వార్త తాడేపల్లిగూడెంలో మా స్కూలుకు చేరినప్పుడు నేను పాఠం చెబుతున్నాను. పుస్తకం మూసేశాను. పెంటపాడులో పెళ్లి భోజనం చేసిన సాయంత్రమే కడుపునొప్పి మొదలైందట. మహానుభావుడు, తృప్తిగా తిని పోయారని ఊరంతా ముచ్చటగా చెప్పుకుంటోంది. ఆ ముచ్చట వింటే నాకు ఒళ్లు మండుతోంది.

వ్యాకరణశాస్త్రంలో ఆయనంతటి విద్వాంసుడు ఈ ప్రాంతంలో లేడు. విద్యార్థిని పరుషంగా పలకరించి ఎరుగని సౌమ్యమూర్తి. అయినా లోకం ఆయన్ని భోజనప్రియుడిగానే ఎరుగును. శాస్త్రిగారు పంక్తిలో ఉంటేనే పెళ్లికి శోభ అంటూ, ఆయన విస్తరి చుట్టూ చేరి కొసరి కొసరి వడ్డించి వినోదించేవారు.

కొల్లేటి ఒడ్డున ఒక పెళ్లిలో నేను ఆయన పక్కనే కూర్చున్నాను. భోజనం సగంలో ఉండగానే ఆయన ఉత్తరాపోశనానికి నీళ్లు అడిగారు. ఆ నీళ్లు అరచేతిలో పట్టి పుచ్చుకుంటే, ఆపై మెతుకు ముట్టకూడదు. తనను తాను కట్టేసుకోవడానికి ఆయనకు దొరికిన ఉపాయం అదొక్కటే. పెళ్లివారు నవ్వుతూ చెంబు అవతల పెట్టేసి మళ్లీ వడ్డించారు. ఆయన చెయ్యి విస్తరి మీదికే పోయింది. కళ్ల నీళ్లు తిరిగితే కారం తగిలిందనుకున్నారు.

తిరుగు పడవలో ఆయనే చెప్పారు.

"ఆకలి కాదు నాయనా. ఆకలైతే తింటే తీరును. మొదలుపెట్టాక చెయ్యి నా మాట వినదు. కడుపు నిండిందని తెలిసేది నొప్పి పుట్టాకే. ఆ తరవాత ఇంట్లో ఎవరి మొహం చూడాలన్నా సిగ్గు."

జిహ్వచాపల్యం తగ్గించుకోమని డాక్టరుగారు మందలించి పంపారట. ఆయన కోరిన మీదటే భార్య కామాక్షమ్మగారు సామాన్ల గదికి తాళం వేసేవారు. కొసరవద్దని ఇంటింటా బతిమాలుకుని, భర్తకు తిండి పెట్టని పిసినారిగా పేరు తెచ్చుకున్నారు.

నిన్న పెద్దలు చేరి, పన్నెండోనాడు ఆయనకు ప్రీతికరమైనవన్నీ వండించి, ఊరందరికీ కడుపు పగిలేలా పెడదామన్నారు. ఆయన ఆత్మ సంతోషిస్తుందన్నారు. కామాక్షమ్మగారు తలుపు వెనక నుంచి అన్నారు.

"అలాగే పెట్టండి బాబూ. కానీ ఎవరైనా చాలంటే వదిలెయ్యండి. ఆయన్ని ఎవరూ వదల్లేదండి."

వ్యాకరణం చెప్పడానికి రేపు మరొకరు రావచ్చు. ఆయన స్థానం నిండేది కాదు. గురువుగారి పాదాలకు నా సాష్టాంగ నమస్కారం. మనం ఆదరమనుకుని పెట్టిందే ఆయన్ని చంపింది.