రెండో తాడు

గాజువాకలో మా వీధివాళ్ళం ఏటా దశావతారాలు ఆడేవాళ్ళం. పది అవతారాలూ ఒక్కడే వేసేవాడు, మా పక్కింటి క్రేన్ ఆపరేటరు. చేప తోక కట్టుకుని పిల్లల్ని నవ్వించేవాడు. తాబేలు డిప్ప కిందనుంచి మమ్మల్ని వెక్కిరించేవాడు. నరసింహుడి ముఖం పెట్టుకునే ముందు మాత్రం నవ్వేవాడు కాదు. నడుముకి తాడు కట్టించుకుని, కొస నా చేతికిచ్చేవాడు.

"గట్టిగా పట్టుకో బావ, ఒగ్గీకు. ఇప్పుడొచ్చేది నాను కాదు, సామి."

పూనకంలో హిరణ్యకశిపుణ్ణి నిజంగానే చీల్చేస్తాడేమోనని ఆ తాడు. నేనైతే అదీ వేషంలో భాగమే అనుకునేవాణ్ణి.

హిరణ్యకశిపుడు ఎప్పుడూ అతని స్నేహితుడే, లారీ డ్రైవరు. ఒక ఏడు పోర్టు రోడ్డులో ఆ డ్రైవరు నడిపే లారీ కిందే మా ఆపరేటరు తమ్ముడు పడి చచ్చిపోయాడు. ఇంక ఆట లేదనుకున్నాం. ఇద్దరూ వచ్చారు. డ్రైవరు కిరీటం పెట్టుకున్నాడు.

"ఈ ఏడు రెండు తాళ్ళు కట్టు బావ" అన్నాడు మావాడు.

కాగితం స్తంభం చీల్చుకొచ్చి డ్రైవర్ని ఒళ్ళో పడేసుకున్నాడు. నలుగురం వెనక్కి లాగుతున్నా కదల్లేదు. ఇనప గోళ్ళు పొట్ట మీద ఆగాయి. చివరికి, ఏటా పేగులంటూ లాగే ఎర్రగుడ్డనే లాగి వదిలేశాడు.

తాళ్ళు విప్పితే నడుం చుట్టూ చర్మం లేచిపోయి ఉంది. "ఈపాలి సామి గట్టిగా వచ్చేసాడు బావ" అన్నాను.

ముఖం తీసి పక్కన పెట్టాడు.

"సామి రానేదు బావ. వచ్చింది నానే."